పదమూడో చోటు

పార్కులో మంచుకు ముందు తడిసేవి బెంచీలే, పొద్దున ముందుగా ఆరేవీ బెంచీలే. ఆరింటికి గేటు తీసే తోటమాలులు తడిసిన చేతితొడుగుల్ని తెచ్చి జడ్జిగారి భార్య పేరున్న బెంచీ మీద ఆరేసేవాళ్లు. పార్కు మొత్తంలో అదే అన్నిటికంటే వేడి బెంచీ. ఆవిడ బతికున్నప్పుడూ నిప్పులాంటి మనిషేనట. సంగీతం మాస్టారి బెంచీ గోరువెచ్చగా ఉండేది, దాని మీద పిల్లులు పడుకునేవి.

పోయినవాళ్ల పేరు మీద ఎవరైనా బెంచీ ఇస్తే, పేరు చెక్కిన ఇత్తడి పలక బిగించిన మూడో రోజుకల్లా ఆ చెక్క వెచ్చబడేది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుండేది. పార్కు పుట్టిన దగ్గర్నుంచీ అంతే. నీళ్లు పల్లానికెందుకు పారతాయని ఎవరడుగుతారు? జడ్జిగారు భార్య పక్కనే తనకూ ఒక బెంచీ ముందుగా వేయించుకున్నారు. బతికున్న మనిషి బెంచీ కాబట్టి అది రాయిలా చల్లగా ఉండేది. రెండేళ్లపాటు ఆయన రోజూ చిన్న దిండు తెచ్చుకుని దాని మీద కూర్చునేవారు. ఒకరోజు పొద్దున తోటమాలి ఒకడు అటు వెళ్తూ చెయ్యి ఆనించాడు, ఆఫీసులోకొచ్చి వాళ్లింటికి ఫోన్ చెయ్యమన్నాడు. ఇంట్లోవాళ్లు అప్పటికింకా ఆయన గది తలుపు తట్టనే లేదు.

నూట యాభై ఏళ్ల పార్కు అది. నగరసభ ముప్పై ఏళ్ల కిందటే చేతులు దులిపేసుకుంది. అప్పట్నుంచి బెంచీలూ, చెట్లూ, దీపస్తంభాలూ, ప్రహరీ కమ్మీలూ అన్నీ పోయినవాళ్ల పేరు మీద ఉన్నవాళ్లు ఇచ్చినవే. పార్కు సంఘానికి కార్యదర్శి ఒక రిటైరైన లెక్కల టీచరు. అందరూ పంతులమ్మ అనేవాళ్లు. "చచ్చినవాళ్లే బతికిస్తున్నారమ్మా ఈ పార్కుని. బతికున్నవాళ్లు పల్లీల పొట్లాలు పారేసి పోతున్నారు," అనేది ఆవిడ.

ఆ పలకలన్నీ చెక్కే ఆమెకు నలభై ఆరేళ్లు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. పార్కులో మొక్కలు పెంచే గాజింటి వెనక రేకుల షెడ్డులో ఒక బల్ల, పన్నెండు ఉలులు, ఒక చిన్న సుత్తి, కిటికీలోంచి వచ్చే వెలుతురు, ఇవీ ఆమె ఆస్తి. తోటమాలుల నుంచి పంతులమ్మ దాకా ఆమెను పలకలక్క అనే పిలిచేవాళ్లు. ఊళ్లో పోయినవాళ్లలో సగంమంది పేర్లు ఒత్తులతో సహా ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క పేరు మాత్రం ఆమె ఎప్పుడూ చెక్కలేదు. అది మొగుడి పేరు.

అతను సొరంగం పనివాడు. కొండ కింద నుంచి ఊరికి మంచినీళ్ల గొట్టం వేస్తున్న కంపెనీలో రాళ్లు తొలిచే గుంపులో ఉండేవాడు. తొమ్మిదేళ్ల కిందట ఒక పొద్దున సొరంగం కప్పు కూలింది. పదకొండు శవాలు బయటికి తీశారు. ఇంకో ముగ్గురు ఉండాలని వాళ్ల ఇళ్లవాళ్లు గేటు దగ్గర మొత్తుకున్నారు. కంపెనీ హాజరు పుస్తకం తెరిచి చూపించింది. "ఆ ముగ్గురూ ముందురోజే చెప్పాపెట్టకుండా పారిపోయారు. ఆ రోజు లోపలికి రాలేదు," అంది. కూలినచోటు కాంక్రీటు పోసి మూసేసి, సొరంగాన్ని పక్కనుంచి తవ్వుకుంటూ పోయింది. ఆ ముగ్గురిలో పలకలక్క మొగుడొకడు.

ఆ పొద్దున ఇంట్లో గొడవైంది. మూడురోజులు కూర్చుని అక్షరాలు గీసిన కాగితాలు నేలమీద ఆరబెడితే, అతను బురద బూట్లతో వాటి మీదుగా నడిచాడు. "ఇల్లంటే సత్రమైపోయింది నీకు! వెళ్లు. మళ్లీ నీ ముఖం నాకు చూపించొద్దు," అంది ఆమె. అతను ఏమీ తినకుండా వెళ్లిపోయాడు. గోడవైపు తిరిగి పడుకున్న అత్త అంతా వింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లూ ఆ ఒక్క మాటే ఆ ఇంట్లో మూడోమనిషిలా తిరిగింది. చచ్చిపోయాడంటే ఆఖరిమాట అదైంది. పారిపోయాడంటే ఆ మాటకే పోయాడు. ఎటు చూసినా గొయ్యే. అత్తకు మాత్రం ఏ అనుమానమూ లేదు. "నా కొడుకు చావలేదు. నీ నోటికి జడిసి పోయాడు. ఏ నాలుక తరిమిందో ఆ నాలుకే ఒకనాడు పిలవాలి," అనేది. అన్నం వడ్డిస్తే అనేది, మందు ఇస్తే అనేది. మోకాళ్లకు నూనె రాస్తుంటే కళ్లు మూసుకుని మరీ అనేది. పలకలక్క ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. ముసలిదానికి తను తప్ప దిక్కులేదు. అంతకంటే ముఖ్యం, ఆ మాటకు తను తగినదాన్నేనని ఆమె నమ్మింది.

ఆ ఏడాది వానల ముందు పంతులమ్మ షెడ్డులోకి వచ్చి, కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"సొరంగం కంపెనీ వాళ్లు గాజింటికి కొత్త కప్పు వేయిస్తామన్నారు. లేకపోతే ఈ వానల్లో అది కూలిపోతుంది, నీకూ తెలుసు. దాంతోపాటు చెరువు గట్టున ఒక పొడుగాటి బెంచీ. ఆ రోజు పోయినవాళ్ల పేర్లతో."

"ఎన్ని పేర్లు?"

పంతులమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పదకొండు."

పలకలక్క సుత్తి బల్లమీద పెట్టింది.

"నీకు కష్టంగా ఉంటే బయట చెక్కించుకుంటానమ్మా. నేనేమీ అనుకోను."

"బయటివాళ్లకెందుకు? నేనే చెక్కుతాను," అంది పలకలక్క.

ఆ మధ్యాహ్నమే ఆమె వడ్రంగి దగ్గరికి వెళ్లింది. డెబ్భై ఏళ్ల మనిషి. ఆమె తండ్రికి స్నేహితుడు. ఆమెకు బాబాయ్.

"ఎన్ని చోట్లమ్మాయ్?" అన్నాడు పెన్సిలు చెవి మీంచి తీస్తూ.

"పద్నాలుగు చెయ్యి బాబాయ్. ఒక్కో చోటుకీ మధ్య ఇనప చేతిపట్టు పెట్టు."

"కాగితంలో పదకొండని ఉంది."

ముసలాయన ఆమె ముఖంకేసి చూసి, మళ్లీ చెక్కకేసి చూశాడు. "గట్టు వంపుగా ఉంది కదా, పద్నాలుగు ఉంటేగానీ వంపు కలవదు. అడిగితే అదే చెబుతాను," అని పెన్సిలుతో గీత గీశాడు.

పలకమీద ముందువైపు పదకొండు పేర్లు చెక్కడానికి ఆరురోజులు పట్టింది. ఏడోరోజు తలుపు గడియపెట్టి, పలక తిరగేసి, చెక్కకు ఆనుకునే వైపున మరో మూడు పేర్లు చెక్కింది. పన్నెండోది ఇరవయ్యేళ్ల కుర్రాడిది. పద్నాలుగోది వంతెన కింద గడియారాలు బాగుచేసే ఆయన కొడుకుది. నడుమ మొగుడి పేరు. నాలుగక్షరాలే. ఉలి జారి రెండో అక్షరం దీర్ఘం కొంచెం వంకరపోయింది. ఇరవై ఏళ్ల పనిలో ఆమె చేతిలో వంకరపోయిన మొదటి అక్షరం అదే.

కంపెనీ మీద కక్షతో చెక్కిందని తర్వాత ఊరంతా అనుకుంది. కక్ష లేదని కాదు. కానీ ఆమెకు కావాల్సింది తెలుసుకోవడం. తొమ్మిదేళ్లుగా తను అన్న మాట ఎక్కడ తగిలిందో తెలుసుకోవడం.

బెంచీ బిగించిన రోజు కంపెనీ పెద్దాయన వచ్చి, శ్రామికుల త్యాగం గురించి మాట్లాడి, ఫొటోకి ఒక కొసన కూర్చున్నాడు. "పేర్లు పదకొండే కదా, చివర మూడు చోట్లు ఎక్కువున్నాయేంటి?" అన్నాడు వెంట వచ్చిన మేనేజరు.

"చూడ్డానికొచ్చేవాళ్లు కూర్చోవద్దా బాబూ?" అంది పంతులమ్మ.

మూడోరోజు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. పలకలక్క వెళ్లేసరికి వడ్రంగి, ఇద్దరు తోటమాలులు, గడియారాలాయన గట్టు మీద నిలబడి ఉన్నారు. ఎవరు చెప్పారో ఏమో, గడియారాలాయన పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, కంటిమీది భూతద్దం నుదుటికి నెట్టి ఉంది. ఆమె మొదటి చోటు నుంచి అరచెయ్యి ఆనిస్తూ నడిచింది. ఒకటి, రెండు, మూడు, అన్నీ వెచ్చగా ఉన్నాయి. పదకొండోది మరీ వెచ్చగా ఉంది. పన్నెండోది కూడా వెచ్చగానే ఉంది.

పదమూడోది చల్లగా ఉంది.

చెయ్యి తీసి చీర చెంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. బావి గట్టు రాయిలా ఉంది. అప్పటికే పద్నాలుగో చోటు దగ్గర గడియారాలాయన మోకాళ్ల మీద కూలబడి, చెక్కకు చెంప ఆనించి, "ఉన్నావా నాన్నా, ఇక్కడున్నావా," అంటున్నాడు. అందరూ అతని చుట్టూ మూగారు. ఆమె వైపు వడ్రంగి ఒక్కడే చూశాడు, చూసి తలదించుకున్నాడు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. గడియారాలాయన, పన్నెండో చోటు కుర్రాడి అక్క కలిసి ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం నుంచి ఇన్‌స్పెక్టరొచ్చాడు. ఒక్కో చోటులో రెండేసి నిమిషాలు కూర్చుని, లేచి, కాగితంమీద రాసుకున్నాడు. 'వెచ్చగా ఉన్నవి పదమూడు. చల్లగా ఉన్నది ఒకటి.' ఆ కాగితం చాలింది. కాంక్రీటు పగలగొట్టారు. లోపల ఇద్దరి ఎముకలు దొరికాయి. కంపెనీ చెప్పిన అబద్ధాల్లో పొరపాటున ఒకటి నిజమైంది. ఆ నిజం పలకలక్క వాటాకొచ్చింది.

కంపెనీ గాజింటి పని సగంలో ఆపేసి మనుషుల్ని తీసుకుపోయింది. వానలకు పాత కప్పు కూలి, వందేళ్ల మొక్కలు గాజుపెంకుల కింద పడ్డాయి. పంతులమ్మ పెంకులు ఏరుతుంటే పలకలక్క వెళ్లి పక్కన కూర్చుంది.

"నావల్లేనమ్మా ఇదంతా."

"గాజు మళ్లీ పోసుకోవచ్చు. ఎవరో ఒకరు చస్తారు, ఎవరో ఒకరు ఇస్తారు. వేళ్లు కోసుకోకు, పనికొచ్చే చేతులు," అంది పంతులమ్మ తలెత్తకుండా.

పదమూడో చోటు కబురు అత్తకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది చల్లగా ఉందని తేలిన మర్నాడే కర్ర పట్టుకుని, ఇంటి నుంచి పార్కు దాకా మూడుచోట్ల ఆగి, గట్టు మీదికొచ్చింది. పదమూడో చోటులో అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. ముడతల ముఖం విచ్చుకుంది.

"చల్లగా ఉన్నాడే! నా కొడుకు చల్లగా ఉన్నాడు," అంది.

దారినపోయేవాళ్లు ఆగి చూశారు. నూరేళ్లు చల్లగా ఉండమని దీవించే మాటే అది. కోడలికి మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

ఆ రోజు నుంచి ముసలమ్మ రోజూ పొద్దున తొమ్మిదింటికి వచ్చేది. పన్నెండింటిదాకా కూర్చునేది. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లకు చెప్పేది. "ఇది నా కొడుకు చోటు. బతికే ఉన్నాడు. అదిగో ఆ షెడ్డులో కొడుతోందే టకటకమని, దాని మాటకే పోయాడు." షెడ్డు కిటికీలోంచి పలకలక్కకు ఆ మాటలు వినపడేవి. అక్షరం మధ్యలో ఉలి ఆగేది, మళ్లీ కదిలేది. ఊరు కూడా పేరు మార్చింది. అంతకుముందు పాపం సొరంగంలో మొగుడు పోయినామె అనేవాళ్లు, ఇప్పుడు మొగుడు వదిలేసినామె అన్నారు. కొన్నాళ్లకు ఆమెకు ఆ రెండో పేరే నిజం అనిపించసాగింది. అద్దంలో చూసుకుంటే నోరే కనిపించేది.

వానలు వెళ్లి చలి వచ్చింది. మంచు బాగా కురిసిన ఒక పొద్దున ఆమె పనికి వెళ్తూ గట్టు మీద ఆగింది. బెంచీ పొడవునా మంచు లేదు. చివరిదాకా లేదు. రోజూ ఆ ఒక్క చోటులో తెల్లటి పొర ఉండేది.

చెయ్యి పెట్టాలా వద్దా అని ఆమె కాసేపు నిలబడింది. పెట్టింది. అప్పుడే లేచి వెళ్లిన మనిషి వెచ్చదనం.

ఎక్కడో, ఏ ఊళ్లోనో, ఏ గదిలోనో, ఎవరి పక్కనో, ఆ మనిషి తెల్లారకుండా పోయాడు. ఏడుపు రాలేదు. తొమ్మిదేళ్లలో అన్ని రకాలుగానూ ఏడ్చేసింది. ఆమెకొచ్చిన ఆలోచన ఒక్కటే. తొమ్మిదింటికి ముసలిది వస్తుంది. ఎనభై రెండేళ్ల మనిషి. ఈ చెక్క మీద చెయ్యి పెడుతుంది.

పలకలక్క తోటమాలుల బకెట్టు ఒకటి తీసుకుని చెరువులోకి దిగింది. మోకాళ్లదాకా నీళ్లు కొరికేస్తున్నాయి. నాలుగు బకెట్లు పోసింది. చెక్క ఆవిరి కక్కి చల్లబడింది. తొమ్మిదింటికి అత్త వచ్చి చెయ్యి పెట్టింది.

"తడిగా ఉందేంటే?"

"మంచు కురిసిందత్తయ్యా. గోనెపట్టా వేస్తాను, దాని మీద కూర్చో."

ముసలమ్మ కూర్చుంది. ఆ రోజు ఎవరితోనూ ఏమీ అనలేదు. చలికి నోరు పెగల్లేదేమోననుకుంది కోడలు.

మర్నాడూ నీళ్లు మోసింది. ఆ మర్నాడూ మోసింది. కాళ్లు పగిలాయి. ఉలి పట్టుకునే వేళ్లు కొంకర్లుపోయి అక్షరాలు ఆలస్యమయ్యాయి. ఒకసారి వడ్రంగి చూసి, మాట్లాడకుండా రెండో బకెట్టు అందుకున్నాడు. ఎన్నాళ్లిలా అని అతనడగలేదు. ముసలిది బతికున్నన్నాళ్లూ అని ఆమె మనసులో అనుకుంది.

పన్నెండోరోజున ఆమె చివరి బకెట్టు వంచుతుంటే వెనక కర్ర చప్పుడైంది. ఇంకా ఎనిమిదే కాలేదు. అత్త శాలువా కప్పుకుని, గట్టు మీద నిలబడి, రొప్పుతోంది.

"ఇంక నీళ్లు పొయ్యకు. చెక్క పాడవుతుంది," అంది.

బకెట్టు చేతిలోంచి జారింది. ముసలమ్మ నెమ్మదిగా వచ్చి తడిచెక్క మీదే కూర్చుంది. గోనెపట్టా వద్దంది.

"మొదటిరోజే తెలిసింది. తల్లిని. నీళ్లు పోస్తే పైన చల్లారుతుంది గానీ, కూర్చుంటే అడుగునుంచి వెచ్చగా తగులుతూనే ఉంటుంది."

"మరి ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"నీ కాళ్లు చూస్తూ కూర్చున్నా పన్నెండు రోజులు. ఇది నాకోసం ఎన్నాళ్లు మోస్తుందో చూద్దామని కూర్చున్నా. ఆపేలా లేవు." ముసలమ్మ కర్రను రెండు చేతులతో పట్టుకుంది. "నీ మాటకు పోలేదే వాడు."

కోడలు జారిన బకెట్టును ఎత్తి పక్కన నిలబెట్టింది.

"గొడవకు ముందురోజు మధ్యాహ్నం, నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు, సంచి సర్దుకుని మెట్లకింద పెట్టాడు. నేను చూశాను. ఎక్కడికిరా అన్నాను. ఊపిరాడట్లేదమ్మా అన్నాడు. ఆ సొరంగంలో ఆడట్లేదో, ఇంట్లో ఆడట్లేదో. నన్నూ తీసుకెళ్లరా అన్నాను. ఆ మాటకు వాడు బదులే ఇవ్వలేదు. పొద్దున నువ్వు తిట్టావు. తిట్టకపోయినా పోయేవాడు. రెండు చొక్కాలు కనపడట్లేదని నువ్వడిగావు చూడు, చిరిగితే పారేశానన్నాను."

"తొమ్మిదేళ్లు," అంది కోడలు. "తొమ్మిదేళ్లు రోజూ నన్ను..."

"నిన్నంటే నువ్వు పడ్డావు. కన్నతల్లి అడుక్కున్నా వదిలేసి పోయాడని నాకు నేను చెప్పుకుంటే పడలేకపోయాను. బతికున్నవాడు ఎప్పుడైనా వస్తాడేమోనని వాడి తప్పు నీమీద వేసి దాచాను. ఇప్పుడు వాడికింక తప్పులేం అంటవు." చెరువుకేసి చూస్తూ అంది, "వీళ్లంతా కలిసి పోయినవాళ్లు. వాడు వీళ్లతో పోలేదు. వీళ్ల పక్కన వాడి పేరు ఉండకూడదు. తీసెయ్."

పలకలక్క షెడ్డులోకి వెళ్లి పలక మరలు విప్పే పనిముట్టూ, ఆకురాయీ తెచ్చింది. పలక ఊడదీసి, తిరగేసి, అక్కడే గట్టు మీద ఒళ్లో పెట్టుకుంది. పైనా కిందా ఉన్న రెండు పేర్లకు తగలకుండా నడిమి పేరు మీద ఆకురాయి ఆడించింది. ఇత్తడి పొడి చీర మీద రాలింది. వంకరపోయిన దీర్ఘం ముందు పోయింది. అక్షరాలు ఒక్కొక్కటే లోతు తగ్గి, గీతలై, గీరలై, మాసిపోతుంటే ఆమె ఆనాటి మాటను మెల్లగా, పైకి అని చూసింది. "వెళ్లు. మళ్లీ నీ ముఖం నాకు చూపించొద్దు." చెవికి మామూలుగానే వినపడింది. ఏ ఇంట్లోనైనా, ఏ పొద్దునైనా, ఎవరో ఒకరు అనే మాట. అని, సాయంత్రానికి మర్చిపోయే మాట. తను మాత్రం దాన్ని తొమ్మిదేళ్లు మోసింది.

పలక మళ్లీ బిగించి నాలుగు మరలూ తిప్పింది. లేచేసరికి మోకాళ్లు పట్టేశాయి. అత్త వంక చూడలేదు, తిట్టనూ లేదు. తన తండ్రి పెట్టెలో ఉలులన్నీ సర్దుకోవాలనీ, అవతలి ఊరి నుంచి రెండేళ్లుగా పిలుస్తున్న అచ్చాఫీసుకు అచ్చుపలకలు చెక్కే పనికి వస్తానని రాయాలనీ, ముసలిదాన్ని కూడా తీసుకెళ్లాలా వద్దా అన్నది మాత్రం ఇవాళ తేల్చుకోలేననీ అనుకుంటూ షెడ్డు వైపు నడిచింది.

బెంచీ మీద ముసలమ్మ పేరు పోయిన చోటులో, తన కింది చెక్క నెమ్మదిగా చల్లారడం తెలుసుకుంటూ కూర్చుంది. అటుపక్క పన్నెండో చోటూ ఇటుపక్క పద్నాలుగో చోటూ వెచ్చగానే ఉన్నాయి. చలికి పళ్లు టకటకలాడుతున్నా, ఆమె ఏ పక్కకీ జరగలేదు.